స్కూబా సామగ్రిలో ఏది సొంతానికి కొనాలి, ఏది అద్దెకు తీసుకోవాలి

స్కూబా డైవింగ్‌లో మొదటి సర్టిఫికెట్ చేతికి రాగానే మనవాళ్లలో చాలామంది కొనేది నీటిలో వాడుకునే కెమెరా. రుషికొండలోనైనా, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనైనా, మురుడేశ్వర్ నుంచి నేత్రాణి ద్వీపానికి వెళ్లే పడవల్లోనైనా గమనిస్తే, చేతిలో కెమెరా ఉన్నవారు ఎక్కువగానూ, మణికట్టుకు సొంత డైవ్ కంప్యూటర్ (నీటిలో ఇంకెంతసేపు ఉండవచ్చో లెక్కకట్టి చెప్పే పరికరం) ఉన్నవారు తక్కువగానూ కనిపిస్తారు. డబ్బు ఖర్చుపెట్టే ఈ వరుస సరైనది కాదని నా గట్టి నమ్మకం. ముందు మాస్క్, దాని తరువాత డైవ్ కంప్యూటర్, ఆ వెనుక ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే రెక్కలు), వెట్‌సూట్ (ఒంటి వేడిని నిలిపే బిగువు దుస్తులు), నీటిపైన గుర్తుగా నిలిచే బోయా కొనుక్కోవాలి. ఇవన్నీ సమకూరాకనే సిలిండర్ నుంచి నోటికి గాలి అందించే రెగ్యులేటర్, గాలి నింపుకుని నీటిలో తేలడాన్నీ మునగడాన్నీ అదుపు చేసే చొక్కా వంటి బీసీడీల సంగతి చూడాలి. కెమెరా మాట ఆ తరువాతిది. నేను సొంతంగా వాడుతున్న వస్తువులనూ, డైవ్ సెంటర్లలో అద్దెకు తీసుకుని వాడిన వస్తువులనూ ఆధారంగా చేసుకుని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముఖానికీ, పాదానికీ, ఒంటికీ అతికినట్టు ఉండవలసిన వస్తువుల కొలత మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి అవి సొంతవై ఉండాలి. ఒంట్లో పేరుకునే నైట్రోజన్‌ను లెక్కకట్టే పరికరం డైవ్‌కూ డైవ్‌కూ మధ్య ఆ మనిషిని వదలకూడదు కాబట్టి అదీ సొంతదే కావాలి. గాలిని నింపుకునేవీ, అందించేవీ ఈ కోవలోకి రావు. వాటికి కావలసింది క్రమం తప్పని సర్వీసు. ఏడాదికి ఎప్పుడో ఒకసారి సముద్రానికి వెళ్లే డైవర్ కంటే, రోజూ పడవ నడిపే మంచి డైవ్ సెంటరే ఆ పని సకాలంలో చేయించగలదు.

మాస్క్‌తో మొదలుపెడతాను. మన కన్ను నీటిలో స్పష్టంగా చూడలేదు. కంటికీ నీటికీ మధ్య ఒక గాలి పొర ఉంటేనే చూపు నిలుస్తుంది. ఆ పొరను నిలిపి ఉంచేదే మాస్క్. నీటి నుంచి గాజులోకి, గాజు నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగడం వల్ల వస్తువులు అసలు పరిమాణం కంటే మూడో వంతు పెద్దవిగా, ఉన్న దూరంలో నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తాయి. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ పీడనం ఒక వాతావరణం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 10 మీటర్ల దగ్గర అది ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు, 20 మీటర్ల దగ్గర మూడు రెట్లు అవుతుంది. ఆ మేరకు మాస్క్‌లోని గాలి కుంచించుకుపోయి ముఖాన్ని లోపలికి లాగుతుంది. అప్పుడు ముక్కుతో కొద్దిగా గాలి వదిలితే ఒత్తిడి సర్దుకుంటుంది. స్కూబా మాస్క్ ముక్కును కూడా కప్పి ఉంచడానికీ, ఈతకొలనులో వాడే గాగుల్స్ డైవింగ్‌కు పనికిరాకపోవడానికీ కారణం ఇదే. ముఖమంతా కప్పేసి నెత్తిన గొట్టం ఉండే స్నోర్కెల్ మాస్క్‌లు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్నాయి గానీ, అవి నీటిపైన తేలుతూ కిందికి చూడడానికే. వాటితో రెగ్యులేటర్‌ను నోట పెట్టుకునే వీలే లేదు కాబట్టి డైవింగ్ కోసం వాటిని కొనవద్దు.

కొట్టులో మాస్క్‌ను పరీక్షించే పద్ధతి అందరికీ చెబుతారు గానీ సగమే చెబుతారు. పట్టీని ముందుకు మడిచి, మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి చెయ్యి వదిలేయాలి. ఊపిరి బిగబట్టినంతసేపూ అది ముఖాన్ని కరుచుకుని ఉండాలి. ఎక్కడైనా సన్నగా గాలి చొరబడుతున్నట్టు తోస్తే, అది ఎంత పేరున్న కంపెనీదైనా పక్కన పెట్టేయాలి. ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఇదే పరీక్షను నోట స్నోర్కెల్ (నీటిపైన తేలుతూ ఊపిరి పీల్చుకునే గొట్టం) గానీ రెగ్యులేటర్ మౌత్‌పీస్ గానీ కొరికి పట్టుకుని మళ్లీ చేయాలి. పళ్లు దాన్ని పట్టుకోగానే బుగ్గలూ పైపెదవీ ఆకారం మార్చుకుంటాయి. అప్పటిదాకా చక్కగా అతుక్కున్న మాస్క్ ముక్కు కింద సందు ఇస్తుంది. సముద్రంలో నీరు చొరబడేది సరిగ్గా అక్కడి నుంచే.

మీసం ఉన్నవారికి ఈ చోటే చిక్కు వస్తుంది. సిలికాన్ అంచు చర్మానికి అతుక్కుంటుంది గానీ వెంట్రుకలకు అతుక్కోదు. మీసం మొత్తం తీసేయనక్కరలేదు. ముక్కు రంధ్రాలకు కాస్త కింద, అంచు ఆనే సన్నని గీత మేర కత్తిరించుకుంటే చాలు. మీసం వదులుకోలేక డైవ్ పొడుగునా మాస్క్‌లోని నీళ్లు ఊదుకుంటూ గడిపేవారిని చూశాను. వారు పీల్చే గాలి కూడా ఆ మేరకు ఎక్కువే ఖర్చవుతుంది. తలవెంట్రుకలు నుదుటి దగ్గర అంచు కింద చిక్కుకున్నా ఇదే గొడవ. నీటిలోకి దిగే ముందు అంచు వెంట వేలితో ఒక చుట్టు తడిమి చూసుకోవాలి.

నేను వాడుతున్నది క్రెస్సీ కంపెనీ బిగ్ ఐస్ మాస్క్. దాని కటకాల ఆకారం వల్ల కిందివైపు ఎక్కువ మేర కనిపిస్తుంది. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపే ఛాతీ మీది గేజ్‌ను, నడుము దగ్గరి క్లిప్పులను చూడడానికి తల పూర్తిగా వంచాల్సిన పని తగ్గుతుంది. ఇది ప్రకటనల మాట కాదు, కొత్తవారికి నిజంగా ఉపయోగపడే సౌకర్యం. ఇంత చెప్పినా, ముఖం సన్నగా ఉన్నవారికి ఇదే మాస్క్ సరిపోకపోవచ్చు. మాస్క్ విషయంలో ఎవరి సిఫారసు అయినా ముఖం ముందు దిగదుడుపే. దూరపు చూపు తక్కువగా ఉన్నవారు రెండు కటకాలున్న మాస్క్ తీసుకుంటే, చాలా మోడళ్లకు పవర్ కటకాలు తయారుగానే దొరుకుతాయి, కళ్లజోడు బెంగ తీరుతుంది. నలభై దాటి చదివే అద్దాలు వాడేవారికి కింది సగంలో పవర్ ఉన్న కటకాలు కూడా ఉన్నాయి. గేజ్ అంకెలు కనపడక గైడ్‌ను అడిగే పరిస్థితిలో డైవ్ చేయడం కంటే వాటి మీద ఖర్చు పెట్టడం మేలు. కటకం మాత్రం టెంపర్డ్ గాజే అయి ఉండాలి.

కొత్త మాస్క్ ఎంత ఖరీదైనదైనా మొదటి డైవ్‌లో మంచు పట్టినట్టు మసకబారుతుంది. తయారీలో గాజు లోపలివైపు సన్నని సిలికాన్ పూత మిగిలిపోవడమే దీనికి కారణం. జెల్ కాని మామూలు తెల్లని టూత్‌పేస్ట్‌ను వేలితో లోపలివైపు రుద్ది, కడిగి, మళ్లీ రుద్దాలి. ఒక్కసారితో పోదు, ఓపిక పట్టాలి. కటకాలకు ప్రత్యేక పూత వేసిన మాస్క్‌ల మీద మాత్రం ఈ పని చేయకూడదు. పెట్టెతో వచ్చే సూచనలు ముందు చదవాలి.

ఇక డైవ్ కంప్యూటర్. సిలిండర్‌లో ఉండేది ప్రాణవాయువు ఒక్కటే అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, అందులో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. లోతుకు వెళ్లేకొద్దీ ఆ నైట్రోజన్ రక్తంలో, కణజాలంలో ఎక్కువెక్కువగా కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది ఊపిరితిత్తుల గుండా నెమ్మదిగా బయటపడాలి. తొందరపడి పైకి వస్తే అది ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తెచ్చే డికంప్రెషన్ జబ్బు ఇదే. ఎంత లోతులో ఎంతసేపు ఉండవచ్చో చెప్పే పట్టికలను బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్, ఆయన సహచరులు 1908లో ప్రచురించారు. నేటి కంప్యూటర్ల లెక్కకు మూలం వారి ఆలోచనే.

పట్టికకూ కంప్యూటర్‌కూ తేడా తెలిస్తే దాని విలువ తెలుస్తుంది. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ పట్టిక ప్రకారం 18 మీటర్ల లోతులో, ఒంట్లో నైట్రోజన్ మిగలని మొదటి డైవ్‌లో, 56 నిమిషాల దాకా ఉండవచ్చు. అయితే మీరు 18 మీటర్లకు ఒక్క నిమిషం దిగి, మిగతా సమయమంతా 10 మీటర్ల దగ్గర గడిపినా, పట్టిక మొత్తం డైవ్‌ను 18 మీటర్లదిగానే లెక్కవేస్తుంది. కంప్యూటర్ కొద్ది క్షణాలకోసారి మీరున్న అసలు లోతును కొలిచి, మిగిలిన సమయాన్ని సరిచేస్తూ పోతుంది. పైకి వచ్చే వేగం మించితే కూత పెడుతుంది. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగవలసిన సేఫ్టీ స్టాప్‌ను తానే లెక్కబెడుతుంది.

గైడ్ చేతికి కంప్యూటర్ ఉంది కదా, మనకెందుకు అనే వాదన తరచూ వినిపిస్తుంది. గైడ్ పైన ఉండి మిమ్మల్ని గమనిస్తూ ఉండగా మీరు పగడాల పక్కన రెండు మూడు మీటర్లు కింద ఉండవచ్చు. పొద్దున మీరు దిగిన డైవ్‌కు వేరే గైడ్ వచ్చి ఉండవచ్చు. ఆయన కంప్యూటర్ లెక్క ఆయన ఒంటికే వర్తిస్తుంది. అద్దె కంప్యూటర్‌తో ఉన్న చిక్కు ఇంకా సూక్ష్మమైనది. నిన్న మీరు చేసిన డైవ్‌లు దానికి తెలియవు, నిన్న దాన్ని పెట్టుకున్న మరొకరి నైట్రోజన్‌ను మీ ఖాతాలో చూపించవచ్చు. వరసగా మూడు నాలుగు రోజులు డైవ్ చేసేటప్పుడు ఒకే కంప్యూటర్‌ను రోజూ మీకే ఇవ్వమని అడిగి పట్టుబట్టాలి, లేదా సొంతది కొనుక్కోవాలి. అండమాన్ నుంచి తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆధారం. ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేసినవారు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవింగ్ వైద్యులు చెప్పే నియమం.

ఏది కొనాలి అన్న ప్రశ్నకు నా సమాధానం, మొదటి కంప్యూటర్‌గా క్రెస్సీ లియొనార్డో. దానికి ఒక్కటే బటన్, పెద్ద పెద్ద అంకెలు. మామూలు గాలికీ, ఆక్సిజన్ పాలు పెంచిన నైట్రాక్స్‌కూ పనికొస్తుంది. అందులో వాడే సీఆర్ 2430 బ్యాటరీ ఒక చిన్న గుండ్రని బిళ్ల. మూత తిప్పి మనమే మార్చుకోవచ్చు. సర్వీసు సెంటర్ దగ్గరలో లేని మనవంటి వారికి ఈ ఒక్క సౌకర్యమే చాలా పెద్దది. మార్చేటప్పుడు మూత కింది రబ్బరు ఓ-రింగ్ మీద చిన్న వెంట్రుక, ఇసుక రేణువు కూడా లేకుండా చూసుకోవాలి. ఒకే బటన్ ఉండడం వల్ల లోపం కూడా ఉంది. అమరికలు మార్చేటప్పుడు కావలసిన చోటు దాటిపోతే మళ్లీ మొత్తం చుట్టి రావాలి. అయితే అది ఒడ్డు మీద చేసే పని, నీటిలో దాని అవసరం రాదు. సూంటో జూప్ నోవోకు నాలుగు బటన్లున్నాయి, బ్యాటరీ అందులోనూ మనమే మార్చుకోవచ్చు. రెండింటిలో ఏది తక్కువకు దొరికితే అది తీసుకున్నా నష్టం లేదు. షియర్‌వాటర్ పెరెగ్రీన్ వేరే స్థాయిది. రంగుల తెర, తీగ లేకుండా చార్జింగ్, లెక్క ఎంత జాగ్రత్తగా ఉండాలో మనమే నిర్ణయించుకునే వీలు ఉన్నాయి. ధర లియొనార్డోకు రెట్టింపు దాటుతుంది. నీరు మసకగా ఉండే విశాఖ తీరంలో తరచూ దిగేవారికీ, దగ్గరి చూపు తగ్గినవారికీ ఆ తెర కోసమే ఆ డబ్బు పెట్టవచ్చు. ఏడాదికోసారి అండమాన్ వెళ్లివచ్చేవారికి అది అవసరం లేదు.

ఫిన్స్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మన వెచ్చని నీటికి పాదమంతా తొడుక్కునే రకం చాలు. తేలిక, ధర తక్కువ, పడవ మీద వేసుకోవడం సులువు. వాటిలో మారెస్ అవంతి క్వాట్రో నాకు నచ్చింది. వెడల్పైన రెక్క మీద పొడవునా ఉన్న రబ్బరు కాలువలు నీటిని వెనక్కి చక్కగా నెడతాయి, ప్రవాహానికి ఎదురీదేటప్పుడు తేడా తెలుస్తుంది. బూట్లతో వేసుకునే రకం కావాలంటే స్కూబాప్రో జెట్ ఫిన్ 1960ల నుంచి వస్తున్న మొండి వస్తువు. ఎన్నేళ్లయినా చెడదు గానీ, పూర్తిగా రబ్బరు కావడం వల్ల బరువెక్కువ, విమాన ప్రయాణంలో భారమవుతుంది.

వెట్‌సూట్ విషయంలో మన ప్రాంతం వారికి ఒక అపోహ ఉంది. మన సముద్రం వెచ్చనిదే కదా, టీషర్టు చాలదా అంటారు. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అండమాన్‌లో నీరు 27 నుంచి 30 డిగ్రీల దాకా ఉన్నా, రోజుకు రెండు డైవ్‌లు చేస్తే రెండోదానికల్లా వణుకు పుడుతుంది. 3 మిల్లీమీటర్ల మందంతో, కాళ్లూ చేతులూ పూర్తిగా కప్పే సూట్ మన అవసరానికి సరిపోతుంది. చలి కంటే కూడా జెల్లీచేపల నుంచీ, బార్నకిల్స్ (పదునైన గుల్లల జీవులు) అంటుకున్న రాళ్ల గీతల నుంచీ అది ఇచ్చే రక్షణ కోసమే నేను దాన్ని వదలను. వెన్ను దగ్గరా మెడ దగ్గరా నీరు సంచుల్లా నిలవకుండా ఒంటికి బిగువుగా ఉండాలి. అద్దె సూట్లలో అలాంటిది దొరకడం అరుదు.

రెగ్యులేటర్‌ను ముందు అద్దెకే తీసుకోమన్నాను కాబట్టి, అద్దెదాన్ని ఎలా పరీక్షించాలో చెప్పే బాధ్యత కూడా నాదే. 1943లో ఫ్రాన్స్‌లో నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమిల్ గాన్యాన్ కలిసి తయారుచేసిన ఆక్వాలంగ్ నుంచి ఇప్పటిదాకా దీని మూల సూత్రం మారలేదు. పీల్చినప్పుడే గాలి రావాలి, అదీ చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానంగా రావాలి. సిలిండర్ తలకు బిగించే మొదటి దశ, ఇంట్లో గ్యాస్ సిలిండర్ మీది రెగ్యులేటర్ చేసే పనే చేస్తుంది. 200 బార్ల (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణం) పీడనాన్ని, చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే తొమ్మిది పది బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. నోట పెట్టుకునే రెండో దశ ఆ మిగిలినదాన్నీ తగ్గించి ఊపిరికి సరిపడా అందిస్తుంది.

సిలిండర్‌కు బిగించక ముందే, మొదటి దశకు దుమ్ము మూత పెట్టి ఉండగానే, రెండో దశను నోట పెట్టుకుని పీల్చి చూడండి. గాలి అసలు రాకూడదు. వస్తే లోపలి పొర చిరిగిందనో, ఊపిరి బయటకు పోయే కవాటం సరిగా మూసుకోవడం లేదనో అర్థం. నీటిలో ఆ సందు గుండానే నీళ్లు నోట్లోకి వస్తాయి. తరువాత మౌత్‌పీస్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ కట్టు గట్టిగా ఉందో లేదో వేలితో లాగి చూడండి. గొట్టాలను లోహపు బిగింపుల దగ్గర కొద్దిగా వంచండి. రబ్బరు పగుళ్లు మొదలయ్యేది అక్కడే. ఇప్పుడు బిగించి, సిలిండర్ కవాటం తెరిచి, ప్రెజర్ గేజ్‌ను కళ్లముందు పెట్టుకుని నాలుగు నిండు శ్వాసలు పీల్చండి. ముల్లు కదలకుండా నిలిచి ఉండాలి. పీల్చినప్పుడల్లా కిందికి పడి మళ్లీ లేస్తుంటే కవాటం పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. పడవ మీద ఇది ఇబ్బంది అనిపించదు, ఎందుకంటే అక్కడ గాలి అవసరం తక్కువ. 15 మీటర్ల లోతులో ఒక్కో శ్వాసకూ రెండున్నర రెట్ల గాలి కావాలి, అప్పుడు అది చాలదు. గాలికి రుచీ వాసనా ఉండకూడదు. నూనె వాసన గానీ ఇంజన్ పొగ వాసన గానీ తగిలితే ఆ సిలిండర్‌ను మొహమాటం లేకుండా తిప్పి పంపండి. కంప్రెసర్ గాలి పీల్చుకునే చోటుకు ఇంజన్ పొగ చేరితే, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా దానితో పాటు చేరి ఉండవచ్చు.

ఆక్టోపస్ అనే పసుపు పచ్చని రెండో మౌత్‌పీస్‌ను కూడా ఇలాగే పీల్చి చూడాలి. తోటి డైవర్‌కు గాలి అయిపోయినప్పుడు ఇవ్వవలసింది అదే. ఎవరూ వాడరు కాబట్టి అందరికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేదీ అదే. ఒకసారి ఒక డైవ్ సెంటర్‌లో నాకిచ్చిన సెట్టులో ఆక్టోపస్ లోపలంతా ఇసుక పట్టి, బటన్ నొక్కితే తిరిగి రాకుండా గాలి వదులుతూనే ఉంది. అడిగితే మరో సెట్టు ఇచ్చారు గానీ, అడగకపోతే అదే నీటిలోకి దిగి ఉండేది.

సొంత రెగ్యులేటర్ కొనదలచినవారు మోడల్ కంటే ముందు సర్వీసు ఎక్కడ చేయిస్తారో తేల్చుకోవాలి. కంపెనీని బట్టి ఏడాదికో రెండేళ్లకో విప్పి, లోపలి సీళ్లు మార్చాలి. ఆ శిక్షణ ఉన్నవారు మన దేశంలో కొద్ది ఊళ్లలోనే ఉన్నారు. మొదటి దశల్లో స్కూబాప్రో ఎంకే2 వంటి సాదా పిస్టన్ రకంలో కదిలే భాగాలు తక్కువ, సర్వీసు ఖర్చు తక్కువ. లోతు పెరిగి సిలిండర్ ఖాళీ అవుతున్నప్పుడు ఊపిరి కాస్త బరువుగా తోచినా 18 మీటర్ల లోపు డైవ్‌లకు అది లోటు కాదు. ఇసుక, బురద ఎక్కువగా ఉండే నీటిలో దిగేవారికి ఎంకే17 వంటి, పిస్టన్‌కు బదులు పలుచని పొర (డయాఫ్రం) ఉండి సీలు వేసిన రకం మేలు, ఎందుకంటే లోపలి భాగాలకు నీరే తగలదు.

సిలిండర్ ఎప్పుడూ అద్దెదే కాబట్టి దానిమీది ముద్రలు చదవడం నేర్చుకుంటే చాలు. మన దేశంలో పీడన సిలిండర్లు 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందికి వస్తాయి. నీటి పీడనంతో చేసిన పరీక్ష తేదీ సిలిండర్ భుజం మీద చెక్కి ఉంటుంది. ఎక్కువగా దొరికేది 11 లీటర్ల చిల్లర పరిమాణం ఉన్న అల్యూమినియం సిలిండర్. 200 బార్ల దాకా నింపితే అందులో సుమారు 2,200 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే కొత్త డైవర్‌కు 18 మీటర్ల దగ్గర 56 లీటర్లు ఖర్చవుతాయి. 50 బార్లు మిగిల్చి పైకి రావాలంటే అక్కడ గడపగలిగేది అరగంటే. పట్టిక 56 నిమిషాలు ఇచ్చినా గాలి అంతసేపు రాదు కాబట్టి, గేజ్ మీద చూపు కూడా కంప్యూటర్ మీద చూపంత తరచుగా ఉండాలి.

ఈ అల్యూమినియం సిలిండర్‌కు ఒక గుణముంది. నిండుగా ఉన్నప్పుడు మునుగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ తేలుతుంది, ఎందుకంటే లోపలి గాలి బరువే రెండున్నర కిలోలకు పైన ఉంటుంది. మునగడానికి ఒంటికి కట్టుకునే సీసం బరువులు డైవ్ మొదట్లో సరిపోయినా చివర 5 మీటర్ల దగ్గర ఆగవలసిన వేళ చాలకపోవడానికి కారణమిదే. హైదరాబాద్ ఈతకొలనులో శిక్షణ పొందినవారికి ఇంకో లెక్క తోడవుతుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే రెండున్నర శాతం సాంద్రమైనది కాబట్టి, సామగ్రితో కలిపి 95 కిలోలు తూగే మనిషికి కొలనులో కంటే రెండు కిలోలకు పైగా అదనంగా కావాలి. ఎన్ని బరువులు వాడారో, ఏ సూట్‌తో వాడారో ప్రతిసారీ లాగ్‌బుక్‌లో (డైవ్‌ల వివరాలు రాసుకునే పుస్తకంలో) రాసుకోవాలి. గైడ్ చూపుతో చేసే అంచనా మీద ఆధారపడవలసిన అవసరం అప్పుడు పోతుంది.

బీసీడీని అద్దెకు తీసుకునేటప్పుడు పూర్తిగా ఊది, కాసేపు పక్కన పెట్టి, మెత్తబడుతుందేమో చూడాలి. గాలి నింపే బటన్ నొక్కి వదిలితే వెంటనే తిరిగి రావాలి. అది లోపలే ఇరుక్కుంటే నీటిలో మీ ప్రమేయం లేకుండానే మిమ్మల్ని పైకి లేపేస్తుంది. కొలత సరిపోతే ఏ కంపెనీదైనా ఫరవాలేదు.

విశాఖ, విజయనగరం తీరాల్లో దిగేవారికి రెండు చిన్న వస్తువులు మాత్రం తప్పనిసరి అంటాను. డైవ్ సెంటర్లు వీటిని ఇవ్వవు, కొనేవారూ తక్కువే. మొదటిది నీటిలోంచే ఊది పైకి వదిలే నారింజ రంగు బోయా. ఈ తీరమంతా మోటారు పడవల మీద చేపలవేట సాగే చోటు. పడవ నడిపేవారికి నీటి కింద మనిషి ఉన్నాడని తెలిసే మార్గం అదొక్కటే. దాన్ని వదిలే పద్ధతి ఈతకొలనులో నేర్చుకున్నాకనే సముద్రంలో వాడాలి. దారం వేలికి చుట్టుకుంటే బోయాతో పాటు మనిషి కూడా పైకి పోతాడు. రెండోది దారం కోసే చిన్న కట్టర్. రాళ్లకూ ఓడ శిథిలాలకూ చిక్కుకుని వదిలేసిన నైలాన్ వలలు నీటిలో కంటికి ఆనవు. ఫిన్ పట్టీకో సిలిండర్ కవాటానికో తగులుకుంటే చేత్తో తెంపడం అసాధ్యం. పెద్ద కత్తి కంటే, లోపలికి బ్లేడు ఉన్న ఈ కట్టర్ ఒంటిచేత్తో పనిచేస్తుంది, ఒళ్లు తెగదు. దీన్ని రెండు చేతులకూ అందే చోట, అంటే ఛాతీ పట్టీ మీద, అమర్చుకోవాలి. కాలికి కట్టుకుంటే వలలో చిక్కిన వేళ అందదు.

దేశీయ విమానాల్లో లగేజీకి సాధారణంగా 15 కిలోలే అనుమతిస్తారు. మాస్క్, కంప్యూటర్, పాదం తొడుక్కునే ఫిన్స్, 3 మిల్లీమీటర్ల సూట్, బోయా, కట్టర్ కలిపినా అందులో సగం దాటవు. రెగ్యులేటర్, బీసీడీ కూడా చేరిస్తే బట్టలకు చోటుండదు. కట్టర్‌ను చెక్-ఇన్ సంచిలో, విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలో పెట్టాలి. కంప్యూటర్, మాస్క్ కూడా చేతిసంచిలోనే తీసుకెళ్తే, మిగతా సామాను ఆలస్యంగా వచ్చినా మరునాటి డైవ్ ఆగదు.

కంప్యూటర్, ఫిన్స్ కొలత తెలిస్తే ఆన్‌లైన్‌లో కొనవచ్చు గానీ, మన దేశంలో వారంటీ వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. మాస్క్‌ను మాత్రం ముఖానికి పెట్టి చూడకుండా కొనకండి. మీ ఊళ్లో డైవింగ్ సామాన్ల కొట్టు లేకపోతే, డైవ్‌కు వెళ్లిన చోట సెంటర్లో ఉన్న మాస్క్‌లన్నీ పెట్టి చూసి, అతికినదాని మోడల్ పేరు రాసుకుని వచ్చి తెప్పించుకోండి.